దాలయ్య తాడు

తదియ

కొయ్యని నిలిపే ఎడమ తీగ బిగువు ఇరవై ఎనిమిది, కుడి తీగ ఇరవై ఎనిమిది. తెరచాప కొయ్య వాలు వెనక్కి నాలుగు వేళ్ళు. గాలి ఈశాన్యం, మోస్తరు.

రేవులో చూపించే పుస్తకంలో ఇంతవరకే రాస్తాను. పందెం పెద్దలకి అంకెలు చాలు. మిగతాది ఇందులో రాస్తాను. ఇది ఎవరికీ చూపించేది కాదు.

ఈవేళంతా పడవ అడుగు రుద్దడంతోనే సరిపోయింది. నిన్న మంగవేణి రుద్దిందట. రుద్దిందో నిమిరిందో ఆ దేవుడికే తెలియాలి. చుక్కాని దగ్గర చెయ్యి పెడితే ఇసక రాసినట్టు గరగరా తగిలింది. "ఒలే, ఇలా రుద్దితే నీళ్ళు పడవని పట్టుకుని ఏలాడతాయే" అని కేకలేశాను.

"నువ్వు రుద్దితే పడవే అరిగిపోద్ది అత్తా" అని నవ్వింది. ఇరవై మూడేళ్ళు వచ్చాయి దానికి. చెయ్యి నాది, నోరు మాత్రం అచ్చం వాళ్ళ నాన్నదే.

వాళ్ళ నాన్న దాలయ్య నా తమ్ముడు. పోయిన ఏడు ఇదే పందెంలో, ఇదే పడవ మీద వెళ్ళి తిరిగి రాలేదు. పడవ దొరికింది, కొయ్య విరిగి బోర్లా తేలుతూ. మనిషి దొరకలేదు, చాప లాగే తాడూ దొరకలేదు. కొయ్య బిగించింది నేనే. ఆ మాట నా మొహం మీద ఎవరూ అనలేదు. అననక్కర్లేదు కూడా, నాకు తెలుసు.

పున్నమికి పందెం, సముద్రంలో గుర్తుగా తేలేసిన బోయలు చుట్టి రావాలి. ఇంకా పన్నెండు రోజులుంది. గెలిచిన ముగ్గురూ ఏడాది పొడుగునా రేవు రేవుకీ ఉత్తరాలూ మందులూ మోస్తారు. ఇంజన్లు మూలపడ్డాక ఈ చిన్న పడవల కంటే వేగంగా పోయేది ఇంకేదీ లేదు. మంగవేణికి చిన్నప్పట్నించీ టపా పడవ పిచ్చి. ఎంత చెప్పినా చెవిన వేసుకోదు.

పంచమి

ఎడమ ఇరవై తొమ్మిది, కుడి ఇరవై తొమ్మిది. గాలి తక్కువ.

కొత్త చాపతాడు తెచ్చాను. తాళ్ళు పెంచే గురువులమ్మ తన పాకలో తొట్టి మూత తీసి, గంజి తాగుతున్న వాటిల్లోంచి ఒకదాన్ని ఎంచి ఇచ్చింది. పద్దెనిమిది బారలు. తెల్లగా, లావుగా, చేతిలో కొద్దిగా వెచ్చగా ఉంది. దాని కొస నుంచి జానెడు ముక్క కోసి నా ఎడమ మణికట్టుకి కంకణం కట్టింది. తాడూ కంకణమూ ఒకే ప్రాణం. సముద్రంలో తాడు మీద బరువు పడితే ఇక్కడ నా చెయ్యి బిగుస్తుంది. గట్టు మీద కూర్చున్న, తీగలు బిగించే నాలాంటి మనిషికి పడవ సంగతి తెలిసేది అలాగే.

"రోజూ గంజి పొయ్యి. పొయ్యకపోతే తొమ్మిది రోజుల్లో సచ్చిపోద్ది. పోసినా రోజుకి రెండు బారలు పెరుగుద్ది, కొస కోస్తుండు" అంది గురువులమ్మ. ముప్పై ఏళ్ళుగా ఈ పని చేస్తున్న నాకు చెప్తోంది! సరే, డెబ్భై దాటిన మనిషి, చెప్పనీ అని ఊరుకున్నాను.

ఇంటికొచ్చి తలుపేసుకుని కుడి జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. భుజం కింద ఇంకో కంకణం ఉంది. దాలయ్య తాడుది.

మనిషి పోతే పదకొండో రోజున కంకణాన్ని సున్నంలో వెయ్యాలి. ఇక్కడ కంకణం చస్తే అక్కడ తాడు ఎంత దూరంలో ఉన్నా చస్తుంది. మనిషికి నిప్పు ఎలాగో తాడుకి సున్నం అలాగ. ఆ రోజు రేవంతా నిలబడి చూస్తుండగా నేను సున్నంలో వేసింది వేరే ఏదో పాత తాడు ముక్క. నన్నేం చెయ్యమంటారు? శవం లేదు, చితి లేదు, గుప్పెడు బూడిద లేదు. ఈ జానెడు ముక్క ఒక్కటే మిగిలింది నాకు. గంజి లేక అక్కడ తాడు ఎలాగూ చస్తుంది, అప్పుడు ఇది కూడా ఎండి రాలిపోతుంది, నా చేత్తో చంపడం ఎందుకు అనుకున్నాను.

ఎండలేదు. ఏడాదైంది, ఇంకా మెత్తగానే ఉంది. అప్పుడప్పుడు చర్మం మీద ఏదో పాకినట్టయ్యేది, నా పిచ్చి అని సరిపెట్టుకున్నాను. ఈవేళ పొద్దున తీగలు బిగిస్తుంటే ఒక్కసారిగా ఎముక నొప్పెట్టేలా బిగుసుకుంది. రెండు సార్లు గట్టిగా, కాస్త ఆగి ఒకసారి. ఇప్పుడు చూస్తే చుట్టూ ఎర్రగా వాత తేలింది.

సప్తమి

ఎడమ ముప్పై, కుడి ముప్పై. వాలు మూడు వేళ్ళకి తగ్గించాను.

మంగవేణి సాధనకి వెళ్ళొచ్చింది. చాపలో కొయ్య పక్కన అడ్డ ముడతలు పడుతున్నాయంది. ముడతలు పడక ఏం చేస్తాయి, తీగలు బిగించాక కొయ్య నిటారుగా బిర్రబిగిసిపోయింది. చాప కింది అంచు ఒక వేలు లాగి కట్టి, మళ్ళీ పంపాను. ఈసారి గాలి పోకడ తెలియడానికి చాప మీద కట్టిన దారాలు రెండూ ఒక్క వరసలో వెనక్కి ఎగిరాయి. "ఇప్పుడు చూడు అత్తా!" అని అక్కణ్ణించే అరిచింది. పడవ అలా తేలిగ్గా లేచి పరుగెడుతుంటే ఎవరికి సంతోషం కాదు? నాకూ అయింది.

సాయంత్రం తవిటయ్య వచ్చాడు. ఈ ఏడు పందెంలో మంగవేణికి గట్టి పోటీ ఇతనే. మంచి మనిషే. చుక్కాని కొస చెక్కుకుపోయింది, సరిచేసి పెట్టమన్నాడు.

"రాతికి తగిలిందా?" అన్నాను.

"రాయి కాదప్పా. మూడో బోయ దగ్గర ఏదో పట్టుకుంది. మొన్నటి మాట. నాచేమో అనుకున్నాను, కానీ నాచు లాగదు కదా? ఇది లాగింది. రెండు సార్లు లాగి, ఆగి, ఇంకోసారి లాగింది. పడవ మంచు వైపు తిరిగిపోయింది. కత్తి పెట్టి గోకితే వదిలింది."

"మొన్న ఎన్ని గంటలకి?"

"బారెడు పొద్దెక్కాక. ఏటి, ఎందుకు?"

ఏం లేదన్నాను. తేలు కుట్టిన దొంగలా చుక్కాని వంక చూస్తూ కూర్చున్నాను. మొన్న బారెడు పొద్దెక్కాకే నా చెయ్యి బిగిసింది.

మూడో బోయ దాటితే పాత ఊరు. మా తాతల కాలంలో మునిగింది. ఇళ్ళన్నీ నీళ్ళ కింద కుళ్ళి, ఆ ఆవిరికో ఏమో, దాని మీద మంచు ఎప్పుడూ విడవదు. మంచులోంచి నీళ్ళ ట్యాంకుల తలలు నాలుగైదు కనిపిస్తాయని చెప్తారు, నేనైతే చూడలేదు. నీళ్ళ కింద ఇనప చువ్వలు, పడవ పోతే అడుగు చీరేస్తాయి. దాలయ్య కోసం వెతికినప్పుడు మూడు రోజులు మంచు అంచు వెంట తిరిగి అరిచారు. లోపలికి ఎవరూ పోలేదు. బోయలు పందెం నెలలోనే వేస్తారు కాబట్టి మిగతా ఏడాదంతా అటు వెళ్ళే పనే ఉండదు ఎవరికీ.

నవమి

తీగలు ముట్టుకోలేదు.

ఉండబట్టలేక గురువులమ్మ దగ్గరికి వెళ్ళాను. "మాటవరసకి అడుగుతున్నాను, సున్నంలో వెయ్యని తాడు సముద్రంలో ఉండిపోతే ఏమవుతుంది?" అన్నాను.

ఆవిడ తొట్టిలో గంజి కలుపుతున్నది కలుపుతున్నట్టే ఆపేసింది. "కుడి సెయ్యి సూపించు" అంది.

చూపించాను. ఇంక దాచి ఏం లాభం?

"ఎంత పని సేసినావే అసిరితల్లీ!" అని నెత్తి కొట్టుకుంది. "పదకొండో రోజు సున్నం ఎందుకెట్టారనుకున్నావు? మా అమ్మ నాటికి ఒక తాడు ఇలాగే ఉండిపోనాది. ఆకలికి తాళలేక సేపల్ని సుట్టి తినడం నేర్సుకుంది. సేపల తరవాత ఒక పడవ. ముగ్గురు మనుషులు. తాడుకి పాపం పుణ్యం ఏటి తెలుసు, దానికి ఆకలి తెలుసు."

అయినా అడిగాను. "ఎవరైనా గంజి పోస్తుంటే?"

"ఎవరే పోసీది అక్కడ?"

"వాడే. మంచు లోపల ఏ ట్యాంకు మీదైనా చిక్కుకుపోయి ఉంటే? చేపలు పడితే తిండి, వాన పడితే నీళ్ళు. మంచు అంచు నుంచి ట్యాంకుల దాకా ఆరేడు వందల బారలు అంటారు. రోజుకి రెండు బారలు పెరిగితే తాడు బోయ దాకా రావడానికి సరిగ్గా ఏడాది పడుతుంది. ఇప్పుడే వచ్చింది. అదీకాక రాత్రిళ్ళు ఊరుకుంటోంది గురువులమ్మా. పగలే లాగుతోంది."

"సలికి తాడు ముడుసుకుంటాది. ఆ మాత్రం తెలీదేటి నీకు?" అంది. తరవాత గొంతు తగ్గించింది. "ఏడాదే, తల్లీ. ఆ కంపులో, ఆ సెమ్మలో మనిషి ఏడాది బతుకుతాడా? నువ్వు పెంచిన తమ్ముడు కాబట్టి నీకలా అనిపిస్తాది. తిని పెరిగితే అది సేపల్నే తిని పెరిగిందేటి? ముందు ఎవర్ని తిని ఉంటాదో ఆలోసించు."

ఇంక వినలేక లేచాను.

వచ్చేటప్పుడు సున్నం పొట్లం కట్టి చేతిలో పెట్టింది. పందెం లోపల వేసేయమంది. ఆ పిల్ల మూడో బోయ తిరగాలని మర్చిపోకు అంది.

ఏకాదశి

ఎడమ ముప్పై, కుడి ముప్పై. గాలి జోరు.

పొట్లం విప్పలేదు.

విప్పకపోబట్టే ఈవేళ ఇలా జరిగింది. మంగవేణి సాధనకి వెళ్ళింది, నేను గట్టున ఉన్నాను. పొద్దు నడినెత్తికొచ్చే వేళకి ఎడమ చెయ్యీ కుడి చెయ్యీ ఒక్కసారే బిగిశాయి. ఎడమది మంగవేణి తాడు, కుడిది వాడిది. రెండూ ఒకదాన్నొకటి లాగుతున్నట్టు ఒకటి వదిలితే ఇంకోటి బిగుస్తోంది. లేచి నిలబడి నీళ్ళలోకి పరుగెత్తాను, మెడ లోతు దాకా వెళ్ళాక గాని నాకు ఈత సరిగ్గా రాదని గుర్తు రాలేదు.

మంగవేణి తిరిగొచ్చింది. ఒళ్ళంతా తడిసి ముద్దయి, కళ్ళు మెరుస్తూ వచ్చింది.

"చుక్కానికి ఏదో తగులుకుందత్తా! పడవ పక్కకి ఒరిగిపోయింది. నేను చాప లాగి పట్టాను, అది లాగింది, నేను లాగాను. చివరికి జారిపోయింది. లావుగా, తెల్లగా ఉంది. పాములా ఉంది గాని పాము కాదు."

"పందెం వద్దే" అన్నాను.

"ఏటి?"

"ఈ ఏడు వద్దు. వచ్చే ఏడు చూద్దాం. మూడో బోయ దగ్గర బాగోలేదని పెద్దలకి నేను చెప్తాను."

అది నా మొహంలోకి చూసింది. "నాన్నని మింగిన చోటని భయమా? నాకు లేదేటి భయం? ప్రతిసారీ ఆ బోయ తిరిగేటప్పుడు మంచులోకి చూస్తాను. ఏదైనా కనిపిస్తాదేమోనని. అయినా తిరుగుతున్నాను కదా?"

ఆ మాట విన్నాక ఇంక ఎలా చెప్పను? తాడు బతికే ఉందని చెప్తే, ఇది పందెమూ గిందెమూ వదిలేసి తిన్నగా మంచులోకి దూరుతుంది. అక్కడ వాడు లేకపోతే, ఉన్నది ఆకలిగొన్న తాడే అయితే? చెప్పకపోతే, వాడు నిజంగానే అక్కడుంటే? ముందు నుయ్యి, వెనక గొయ్యి. నోరు మూసుకుని తీగలు తుడుస్తూ కూర్చున్నాను. పిరికిదాన్ని.

త్రయోదశి

ఎడమ ముప్పై ఒకటి, కుడి ముప్పై ఒకటి. వాలు మూడు వేళ్ళు. మేకులన్నీ చూశాను, చుక్కాని కీలుకి కొత్త మేకు కొట్టాను. ఇంతకంటే ఈ పడవకి చెయ్యగలిగింది లేదు.

పొద్దున్నించీ కుడి చెయ్యి లాగుతూనే ఉంది. రెండు, ఆగి ఒకటి. రెండు, ఆగి ఒకటి. అన్నం తింటుంటే లాగింది. మంగవేణితో మాట్లాడుతుంటే లాగింది.

మధ్యాహ్నం పిల్ల నిద్రపోతుంటే పెరట్లోకి వెళ్ళి కంకణాన్ని వేళ్ళతో పట్టుకున్నాను. రెండు సార్లు నొక్కాను.

లాగడం ఆగిపోయింది. చాలాసేపు ఉలుకూ పలుకూ లేదు. తరవాత చాలా నెమ్మదిగా, జాగ్రత్తగా, రెండు సార్లు బిగిసింది.

మళ్ళీ మూడు నొక్కాను. మూడు వచ్చాయి.

"దాలీ" అన్నాను పైకి. చిన్నప్పుడు అలాగే పిలిచేదాన్ని. గోడకి ఆనుకుని ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, గురువులమ్మ పాకకి వెళ్ళాను. నొక్కితే జవాబొచ్చిందని చెప్పగానే ఆవిడ తొట్టి గోడ మీద వేలితో మూడు సార్లు తట్టింది. గంజిలో ఉన్న తాళ్ళన్నీ మూడు సార్లు కదిలాయి. నాలుగు తట్టింది. నాలుగు సార్లు కదిలాయి.

"ఇవి తట్టినంత తడతాయి. తిండి వస్తాదని. నీకు తెలీదేటి?" అంది.

తెలుసు. ముప్పై ఏళ్ళుగా తెలుసు.

పున్నమి, పొద్దున్న

ఎడమ ముప్పై ఒకటి, కుడి ముప్పై ఒకటి. గాలి ఈశాన్యం, బలంగా ఉంది. పాటు మొదలైంది, నీళ్ళు మంచు వైపే లాగుతున్నాయి. పడవలు పదకొండు.

గట్టు మీద అందరికీ దూరంగా కూర్చుని ఇది రాస్తున్నాను. పక్కన మూకుట్లో సున్నం కలిపి పెట్టుకున్నాను. వెయ్యాలా వద్దా అని ఇంకా తేల్చుకోలేదు. మంగవేణికి ఏమీ కాకపోతే వెయ్యను. అదొక్కటే అనుకున్నాను.

మొదటి బోయ తిరిగారు. తవిటయ్య ముందు, మంగవేణి రెండు. ఎడమ చెయ్యి చక్కగా బిగుస్తోంది, వదులుతోంది. బాగా నడుపుతోంది నా తల్లి.

రెండో బోయ. మంగవేణి ముందు!

మూడో

పున్నమి, మధ్యాహ్నం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడో బోయ దగ్గర రెండు చేతులూ బిగిశాయి. ఈసారి వదలలేదు. ఎడమ చేతి వేళ్ళు నల్లబడ్డాయి. చాపతాడు అలా బిగిసి వదలకుండా ఉందంటే చాప ఇరుక్కుంది, గాలి పడవని పక్కకి నొక్కేస్తోంది అని అర్థం. గట్టు మీద ఎవరో "ఒరిగిపోయింది, ఒరిగిపోయింది!" అని అరిచారు. తెల్ల చాప నీళ్ళకి అంటుకోవడం నాకూ కనిపించింది. పోయిన ఏడు కూడా ఇక్కణ్ణించే చూశాను నేను, ఇలాగే.

వంద దాకా లెక్కపెడదామనుకున్నాను. పదిహేడు దగ్గర కత్తి పెట్టి కంకణం తెంపి సున్నంలో పడేశాను.

మెలికలు తిరిగింది. వానపాములా చుట్టుకుని, విడిపోయి, మళ్ళీ చుట్టుకుంది. చివరికి బూడిద రంగుకి తిరిగి గట్టిపడిపోయింది. అంతలోనే నా ఎడమ చెయ్యి వదులైంది. చాప పైకి లేచింది. జనం చప్పట్లు కొట్టారు. "నన్ను క్షమించరా దాలీ" అనుకుంటూ కూర్చున్నాను, ఇంకేమీ వినపడలేదు.

మంగవేణి అయిదోది వచ్చింది. టపా పడవ పోయింది. అదేం పట్టించుకోలేదది. పడవ ఇసక మీదికి లాగకుండానే నన్ను కేకేసింది. చుక్కానికి చుట్టుకుని ఉందది. నలభై బారల దాకా ఉంటుంది, చచ్చి కర్రలా బిగిసిన తాడు.

"లాగుతూ లాగుతూ ఒక్కసారిగా కొయ్యబారిపోయిందత్తా. అటు వైపు పుటుక్కున తెగింది. ఇదేటి, మన పెంపుడు తాడులా ఉంది కదా?"

నేను కొస వెతికాను. పని చేసే చెయ్యి ముందు కొసకే పోతుంది. 

కొసలో ఉచ్చు ఉంది. చుక్కాని తలకి సరిగ్గా తగులుకునేంత ఉచ్చు, కొలిచి వేసింది. తాడు తినగలదు, తట్టగలదు, పెరగగలదు. ముడి మాత్రం వేసుకోలేదు. ముడి విడిపోకుండా దాని మీద చేప పేగుతో పదకొండు చుట్లు బిగించి కట్టి ఉంది. పేగు ఇంకా తెల్లగా, పచ్చిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను, కంపు కూడా లేదు. ఉప్పునీళ్ళలో చేప పేగు నాలుగు రోజులకి మించి నిలవదు. ఈ ముడి త్రయోదశి నాడో చతుర్దశి నాడో వేసింది.

త్రయోదశి నాడు నేను రెండు సార్లు నొక్కాను. అక్కడ ఒక మనిషి పని ఆపి, అంత దూరం నుంచి వచ్చిన ఆ రెండు నొక్కుల్నీ చేత్తో పట్టుకుని, నెమ్మదిగా జవాబిచ్చాడు. మూడింటికి మూడు ఇచ్చాడు. ఇంక మావాళ్ళు వచ్చేస్తారని తాడు లోపలికి లాక్కుని, ఉచ్చు సరిచేసి, కొత్త పేగు చుట్టి మళ్ళీ పోటుకి వదిలాడు. ఈవేళ పడవ తగులుకోగానే ఉన్న బలమంతా పెట్టి లాగి ఉంటాడు. అప్పుడు వాడి చేతుల్లో తాడు చచ్చిపోయింది.

మంగవేణికి మొత్తం చెప్పాను. పదకొండో రోజున చేసిన మోసం దగ్గర్నుంచి సున్నం మూకుడు దాకా. కొట్టినా బాగుండును. అది కొట్టలేదు, ఏడవలేదు. ఉచ్చు చేతిలోకి తీసుకుని, పేగు చుట్లని బొటనవేలితో ఒక్కొక్కటే తడిమింది.

"అవతలి కొస ఎక్కడుందో చూపించడానికి ఇప్పటిదాకా ఒక దారి ఉండేది" అంది. "దాన్ని పట్టుకుని పోతే తిన్నగా నాన్న దగ్గరికే పోదుము. నాకు ముందే చెప్పుంటే."

"అవునే" అన్నాను.

పాడ్యమి

ఎడమ ఇరవై మూడు, కుడి ఇరవై మూడు. రెండు బరువులు మొయ్యాలి కాబట్టి తీగలు వదులు చేశాను. ఇనప చువ్వలకి తగలకుండా పడవ కింద నీళ్ళలోకి దిగే పలక సగానికి కోసేశాను. పందేనికి ఇంక పనికిరాదు. చుక్కాని చుట్టూ గోనె కట్టాను. ముందు కూర్చుని వెదురుతో నీళ్ళు పొడిచి చూడడం నా పని, నడపడం మంగవేణి పని.

గురువులమ్మ గట్టు దాకా వచ్చింది. ఆవిడ చెప్పింది నమ్మింది నేను, చేసింది నేను. వెళ్ళొస్తానని మాత్రం చెప్పాను. పందెం పెద్దలు వద్దన్నారు. మంగవేణి వాళ్ళ వంక కూడా చూడలేదు.

నాతో నిన్నట్నించీ ఒక్క మాట లేదు. నా చేతి కంకణం మాత్రం రాత్రే తనే విప్పి, గంజిలో వేసి పొడుగు పెంచి, ఒక కొస తన నడుముకీ ఒక కొస నా నడుముకీ కట్టింది. నాకు ఈత రాదని దానికి గుర్తుంది.

పాత ఊరి మంచు ఇక్కడికి కూడా కనిపిస్తోంది, కదలకుండా. లోపల ఎన్ని ట్యాంకులున్నాయో తెలియదు. ఎందులో వెతకాలో తెలియదు. పిలిస్తే పలుకుతాడో లేదో, మమ్మల్ని చూసి దాక్కుంటాడో కూడా తెలియదు. వాడి తాడు చంపింది గట్టు మీద ఉన్న చెయ్యేనని వాడికి తెలిసిపోయి ఉంటుంది. అలా చంపగలిగేది ఒక్క నేనేనని కూడా తెలుసు.

గాలి తూర్పు, తక్కువ. పాటు మొదలవుతోంది. పడవలో మనుషులు ఇద్దరం. తాగే నీళ్ళు ముగ్గురికి.